పర్లాకిమిడిలో ఒక సున్నం తొట్టి: రావాల్సినప్పుడు రాని వేడి

వసారా గోడ మీద గుంటలు పడటం జూన్ నెలాఖరున మొదలైంది. ఒక్కో గుంట పావలా కాసంత, లోతు ఐదారు మిల్లీమీటర్లు, లోపలికి పోయేకొద్దీ సన్నబడుతూ గరాటు ఆకారంలో ఉంది. గుంట అడుగున ఆవగింజంత తెల్లటి చుక్క. గోటితో గీరితే పిండిలా రాలుతుంది. ఇంటివాళ్ళు చెదలనుకున్నారు. మేస్త్రి ఇసకలో ఉప్పుందన్నాడు. రెండూ కావు. ఆ తెల్ల చుక్క మే నెలలో తొట్టిలోనే ఉడికిపోవాల్సిన సున్నం. అక్కడ ఉడకకుండా గోడలోకి చేరింది, తొలకరి తేమ తగిలాక తీరిగ్గా ఉడికింది.

ఇల్లు ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో, మహేంద్రతనయ ఒడ్డుకు దగ్గర్లో ఉన్న పాత పెంకుటిల్లు. ఏరు దాటితే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. ఇటుక గోడలకు మట్టి అడుసు, పైన సున్నం పూత. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పెంకులు లేచిపోయి గోడలు నానిపోయాయి. తరువాత పైన సిమెంటు ప్లాస్టరింగు చేయించారు. లోపలి తడి బయటికి పోయే దారి లేక అది పలకలు పలకలుగా ఊడింది. మళ్ళీ సున్నమే వేద్దామన్న నిర్ణయం సరైనదే. తప్పు ఆ సున్నాన్ని తడిపిన తీరులో జరిగింది.

మొత్తం పని 730 చదరపు అడుగులు. 25 కిలోల బస్తాలు పది కొన్నారు. మొదటి ముఠా ఆరు బస్తాలు వాడి వసారా, ముందు గది కలిపి 440 అడుగులు పూసింది. గుంటలు పడ్డాక మిగతా పని ఆగింది. పరీక్షకు మా చేతికి దొరికినవి నాలుగు బస్తాల గడ్డ సున్నం, డ్రమ్ము అడుగున మిగిలిన కొంత ముద్ద, గుంటలు పడ్డ గోడ.

అసలు ఎంత వేడి

కాల్చిన సున్నం అంటే కాల్షియం ఆక్సైడ్. దానికి నీరు తగిలితే కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది, వేడి బయటికొస్తుంది. సున్నం ఉడకడమంటే ఇదే. పదో తరగతి పాఠంలో ఉష్ణమోచక చర్యకు ఉదాహరణగా చెప్పేది ఇదే. అయితే పాఠంలో గాజు బీకరు పట్టుకుంటే వెచ్చగా ఉంటుందంటారు, పని దగ్గర బస్తాల లెక్క కాబట్టి ఆ వెచ్చదనం స్థాయే వేరు.

శుద్ధమైన కాల్షియం ఆక్సైడ్ కిలోకి సుమారు 1,160 కిలోజౌళ్ళ వేడి వస్తుంది. అంటే కిలో సున్నం దాదాపు నాలుగు లీటర్ల నీళ్ళను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తీసుకుపోగలదు. బజారు సున్నంలో అంతా కాల్షియం ఆక్సైడ్ ఉండదు. నూటికి 80, 85 పాళ్ళుంటే మంచి సరుకే. ఆ లెక్కన ఆరు బస్తాలు, అంటే 150 కిలోలు తడిపితే వచ్చే మొత్తం వేడి మూడు కిలోల వంటగ్యాసు కాల్చినంత. దాన్ని ఒకే చోట ఒకే పూట వదిలేస్తున్నామన్న సంగతి తడిపేవాళ్ళు మరచిపోతారు, పొయ్యి కనిపించదు కాబట్టి.

ఈ చర్యకు చాలిన నీరు చాలా తక్కువ. కిలో కాల్షియం ఆక్సైడ్‌కు 320 మిల్లీలీటర్లు. మిగతా నీళ్ళన్నీ వేడిని మోయడానికే. 85 పాళ్ళ సున్నం పది కిలోలు, 30 డిగ్రీల నీళ్ళు తీసుకుని కాగితం మీద లెక్క వేస్తే ఇలా తేలుతుంది: 60 లీటర్లలో వేస్తే నీళ్ళు 69 డిగ్రీలకు చేరి ఆగుతాయి. 40 లీటర్లయితే 88. 30 లీటర్లయితే మరుగు అందుకుంటుంది. 20 లీటర్లయితే మరగడమే కాదు, లీటరున్నర పైన నీరు ఆవిరైపోతుంది. ఐదు లీటర్లే పోస్తే చర్యకు అక్కరకొచ్చే నీరు కూడా చాలావరకు ఆవిరై, గడ్డ లోపలి వేడి నూరు డిగ్రీలు దాటి ఎంతో పైకి పోతుంది. వాన తడిసిన సున్నం బస్తా పక్కన వరిగడ్డి ఉంటే అంటుకోవడం ఇలాగే. నిప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ అర్థం కాదు.

పని దగ్గర కావాల్సింది 85 నుంచి 95 డిగ్రీల మధ్య. అక్కడ గడ్డ దానంతట అదే పగిలి, వెన్నలాంటి సన్నటి ముద్ద అవుతుంది. 70 లోపు ఆగిపోతే ముద్ద ఇసక ఇసకగా మిగులుతుంది. నీళ్ళు చాలక ఎండితే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టి గుళ్ళలా తయారవుతాయి, తరువాత ఎన్ని నీళ్ళు పోసినా అవి విడవవు. మొదటిదాన్ని మునిగిన సున్నం అంటున్నాం, రెండోదాన్ని మాడిన ముద్ద. పర్లాకిమిడి డ్రమ్ములో రెండూ ఒకేసారి జరిగాయి.

మే నెలలో డ్రమ్ములో జరిగింది

రెండు వందల లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో ముందు రెండు బస్తాలు, అంటే 50 కిలోల గడ్డలు పోశారు. తరువాత పైనుంచి పైపుతో సుమారు వంద లీటర్ల నీళ్ళు వదిలారు. క్రమం తిరగబడింది. నీళ్ళు పై గడ్డల మధ్య నుంచి దారి చేసుకుని ఒక పక్కకే దిగాయి. ఆ పక్క గడ్డలు ఉడికి ఉబ్బి, రెండో పక్కకు నీరు వెళ్ళే సందులు మూసేశాయి.

నీళ్ళు సమంగా అందినా ఈ మోతాదు అదుపులో ఉండేది కాదు. 50 కిలోలు, 80 పాళ్ళు, వంద లీటర్లు: నీళ్ళన్నీ మరుగుకొచ్చాక కూడా ఏడు కిలోల నీటిని ఆవిరి చేసేంత వేడి మిగులుతుంది. ఏడు కిలోల ఆవిరి దాదాపు 12,000 లీటర్ల చోటు అడుగుతుంది. డ్రమ్ము నోరు రెండడుగులు లేదు. మరుగుతున్న సున్నపు పాలు నోటి నుంచి ఎగజిమ్మి కలుపుతున్న కూలీ ముంజేతి మీద, చెంప మీద పడ్డాయి. కంట్లో పడలేదు, అదృష్టం. డ్రమ్ము మెత్తబడి పొట్ట ఉబ్బి, మర్నాటికి అడుగు మడత దగ్గర కారడం మొదలెట్టింది.

పొంగు చూసి భయపడి పైపు నిండుగా తెరిచారు. ఇంకో 80 లీటర్ల చన్నీళ్ళు ఒక్కసారిగా పోశారు. పొంగు అణిగింది. అందరూ పని అయిపోయిందనుకున్నారు. నిజానికి ఆగింది చర్య. సగం ఉడికిన గడ్డల చుట్టూ హైడ్రాక్సైడ్ పొర గట్టిపడి, లోపలికి నీరు పోనివ్వలేదు. పొంగు ఆగడం వేరు, ఉడకడం పూర్తి కావడం వేరు.

ఆరింటిలో మిగతా నాలుగు బస్తాలూ ఇలాగే, ఈసారి భయంతో మొదటి నుంచే నీళ్ళు ఎక్కువ పోసి తడిపారు. ముద్దను ఐదు మిల్లీమీటర్ల ఇసక జల్లెడలో పట్టారు. నాలుగో రోజున ఇసక కలిపి గోడకెక్కించారు.

ఆ ముఠాలో వయసు మళ్ళిన తాపీ మేస్త్రి ఒకాయన అడ్డుచెప్పాడట. “నీళ్ళలో సున్నం ఎయ్యాల గానీ బాబూ, సున్నం మీద నీళ్ళు పొయ్యకూడదు” అన్నది ఆయన మాట. దానికే చెవి ఒగ్గి ఉంటే కూలీ చెయ్యి కాలేది కాదు. గోడ మాత్రం దక్కేది కాదు. దానికి వేరే కారణం కూడా ఉంది, అది సరుకులో ఉంది.

ఫ్లాస్కు పరీక్ష

సున్నం మంచిదా కాదా అన్నది దాని వేడే చెబుతుంది. ప్రయోగశాల అక్కర్లేదు. కావాల్సినవి: అర లీటరు పైన పట్టే స్టీలు థర్మాస్ ఫ్లాస్కు, నూటపది డిగ్రీల దాకా చూపే థర్మామీటరు, వంటింటి త్రాసు, గడియారం. గడ్డను ఐదు మిల్లీమీటర్ల లోపు ముక్కలుగా దంచాలి. 400 మిల్లీలీటర్ల నీళ్ళు ఫ్లాస్కులో పోసి వేడి చూసి, 100 గ్రాముల సున్నం వేసి, మెల్లగా కలుపుతూ నిమిషానికోసారి రాసుకోవాలి. మూత బిగించకూడదు. ఆవిరి పోయే దారి లేకపోతే అదే చిన్న బాంబు. తుపాకీలా గురిపెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు దీనికి పనికిరాదు, ఆవిరి అడ్డొచ్చి తక్కువ చూపిస్తుంది.

పూర్తి శుద్ధమైన సున్నమైతే ఈ మోతాదుకు 68, 69 డిగ్రీలు పెరగాలి. 85 పాళ్ళదైతే 58. పెరుగుదలను శుద్ధమైనదాని పెరుగుదలతో పోలిస్తే సరుకులో కాల్షియం ఆక్సైడ్ ఎన్ని పాళ్ళో దాదాపుగా తెలుస్తుంది. ఫ్లాస్కు కొంత వేడి తినేస్తుంది కాబట్టి అసలు పాళ్ళు ఒకటి రెండు ఎక్కువే ఉంటాయి. ఎంత పెరిగిందన్నది ఒక ఎత్తు, ఎంత త్వరగా పెరిగిందన్నది ఇంకో ఎత్తు. చాలామంది మొదటిదే చూస్తారు. మా లెక్కలో రెండోదే ముఖ్యం.

మిగిలిన బస్తాల్లోంచి మూడు రకాలు ఏరి పరీక్షించాం. తేలిగ్గా, తెల్లగా ఉన్న గడ్డలు: నాలుగు నిమిషాల్లో 54 డిగ్రీలు పెరిగింది. అంటే 80 పాళ్ళ సరుకు, చురుకైనది. బస్తా మూతి దగ్గర రాలిన పొడి: ఆరు డిగ్రీలు. అది గాలిలో తేమ తాగి ముందే ఉడికిపోయింది. ఇలాంటిది గోడకు హాని చెయ్యదు, మేలూ చెయ్యదు. మూడోది ముదురు పసుపు రంగులో, చిన్నగా కుదించుకుపోయి, సైజుకు మించిన బరువుతో ఉన్న గడ్డలు: మొదటి పది నిమిషాల్లో 17 డిగ్రీలు. నలభై నిమిషాలకు 31. అప్పటికీ ఇంకా పెరుగుతూనే ఉంది.

గోడలో పేలినవి ఈ మూడో రకం. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల దగ్గర కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి రాయి బరువులో 44 పాళ్ళు తగ్గుతుంది, లోపల సన్నటి రంధ్రాలు మిగులుతాయి. నీరు ఆ రంధ్రాల్లోంచే దూరుతుంది. బట్టీలో వేడి 1,100, 1,200 దాటితే ఆ రంధ్రాలు మూసుకుపోయి గడ్డ బిగుసుకుంటుంది. అదీ కాల్షియం ఆక్సైడే, దానిలోనూ అంత వేడీ ఉంది, కానీ నీరు దూరే దారి లేదు. కట్టెలతో కాల్చిన బట్టీలో ఇది అరుదు. బొగ్గు, రాయి పొరలు పొరలుగా పేర్చే బట్టీలో బొగ్గు కుప్పపడ్డ చోట రాయి మాడుతుంది, గాలి అందని చోట పచ్చిగా మిగులుతుంది. ఒకే బస్తాలో రెండూ రావచ్చు.

ఈ రెంటినీ వేరు చెయ్యడం తేలిక. డ్రమ్ములో మిగిలిన ముద్ద ఒక లీటరు తీసుకుని 850 మైక్రాన్ల (0.85 మిల్లీమీటరు) జల్లెడ మీద నీళ్ళతో కడిగాం. మిగిలిన గింజలు ఆరబెడితే 90 గ్రాములు తూగాయి. లీటరుకు 90 గ్రాములంటే చాలా ఎక్కువ. వాటి మీద బాత్‌రూములు కడిగే యాసిడ్ చుక్కలు వేస్తే సుమారు సగం బుసబుస పొంగాయి. అవి పచ్చి రాయి. పూతలో ఇసకతో పాటు పడి ఉంటాయి, ప్రమాదం లేదు. పొంగకుండా మెల్లగా కరిగినవి మాడినవి. యాసిడ్‌తో ఈ పని చేసేటప్పుడు గ్లౌజులు, కళ్ళద్దాలు తప్పనిసరి. చారెడు గింజలకు నాలుగు చుక్కలు చాలు.

గోడలో ఎందుకు పేలింది

కాల్షియం ఆక్సైడ్ హైడ్రాక్సైడ్‌గా మారితే ఘనపదార్థం పరిమాణం దాదాపు రెట్టింపు అవుతుంది. తొట్టిలో ఆ ఉబ్బుకు చోటుంది. గట్టిపడిన పూతలో లేదు. ఒక మిల్లీమీటరు గింజ ఉబ్బితే దాని వెనక ఇటుక గోడ కదలదు, ముందున్న పల్చటి పూతే లేచిపోతుంది. గుంట గరాటు ఆకారంలో ఉండటానికీ, మొనన తెల్ల చుక్క ఉండటానికీ ఇదే కారణం. ఆవగింజంత సున్నం వదిలే వేడి ఎంతో ఉండదు, గోడ మీద చెయ్యి పెట్టినా తెలియదు. కానీ ఆ వేడీ ఈ ఉబ్బూ ఒకే చర్యకు రెండు ముఖాలు. తొట్టిలో వేడి వచ్చిందంటే ఉబ్బు కూడా తొట్టిలోనే అయిపోయినట్టు. తొట్టిలో రాకపోతే ఉబ్బు బాకీ ఉన్నట్టే.

వేసవిలో గోడ పొడిగా ఉన్నంతకాలం ఆ బాకీ అలాగే ఉండిపోయింది. వానలకు గోడలోకి చేరిన తేమతో వసూలు మొదలైంది. ఉప్పు తెల్లగా పూత పూసినట్టు గోడంతా పరుచుకుంటుంది, చెదలకు మట్టి బాటలుంటాయి. గరాటు గుంట, మొనన తెల్ల చుక్క కనిపిస్తే ఉడకని సున్నం తప్ప మరోటి కాదు.

సరుకులో మాడిన గడ్డలు రావడం, మునగదీయడం, పెద్ద కన్నాల జల్లెడ, నాలుగు రోజులే నానబెట్టడం, ఈ నాలుగింటిలో ఒక్కటి మాత్రమే జరిగి ఉంటే గోడ బహుశా గట్టెక్కేది. మా దృష్టిలో పెద్ద తప్పు జల్లెడది. మాడిన గింజలు ఏ సరుకులోనైనా కొన్ని ఉంటాయి. సన్న జల్లెడ వాటిని గోడ దాకా రానివ్వదు.

ముద్ద పనికొస్తుందో లేదో పూయకముందే తెలుసుకోవడానికి ఇడ్లీ కుక్కరు చాలు. ముద్దలో కొద్దిగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి, అరచేతి వెడల్పు, సెంటీమీటరు మందం ఉన్న బిళ్ళలు మూడు చేసి, గట్టిపడ్డాక మూడు గంటలు ఆవిరి పట్టాలి. మధ్యలో నీళ్ళు అయిపోకుండా చూసుకోవాలి. గోడ నెలల తరబడి చేసే పని ఆవిరి మూడు గంటల్లో చేసేస్తుంది. డ్రమ్ములో మిగిలిన ముద్దతో చేసిన మూడు బిళ్ళల మీదా గుంటలు పడ్డాయి. ఆ కుక్కరులో తరువాత ఇడ్లీలు వేస్తామంటే ఇంటి ఆడవాళ్ళు ఒప్పుకోరు కాబట్టి పాతది అడిగి తెచ్చుకోవాలి.

నవంబరులో మళ్ళీ తడిపింది

వానలు పోయేదాకా ఆగాం. కొత్తగా ఆరు బస్తాలు కొన్నారు. సరిహద్దు ఊళ్ళలో కొనేటప్పుడు ఒక చిక్కుంది. ఒడియాలో చూన అన్నా, తెలుగులో సున్నం అన్నా దుకాణదారు చేతికి ముందు తగిలేది పొడి బస్తా. అది ఫ్యాక్టరీలోనే తడిపిన హైడ్రేటెడ్ సున్నం, నీళ్ళు పోసినా వేడెక్కదు. “గడ్డలు కావాలి, కాల్చినవి” అని విప్పి చెప్పాలి. బస్తా విప్పించి, పొడి ఎక్కువుంటే వద్దనాలి. పిడుగురాళ్ళ వైపు నుంచి వచ్చే సరుకు దూరం ప్రయాణం చేస్తుంది, లోపల ప్లాస్టిక్ సంచి ఉన్నదే తీసుకోవడం మేలు. తీరం వెంబడి దొరికే గుల్లసున్నం బాగా చురుకైనది. తాంబూలంలోకి వాడేది అదే. ఈ ఇంటికి కావాల్సినంత దొరకదు, ధరా ఎక్కువ.

కొత్త సరుకు ఫ్లాస్కులో మూడు నిమిషాలకు 57 డిగ్రీలు పెరిగింది. అప్పుడే మోతాదు నిర్ణయించాం: ఒక వాయికి 12.5 కిలోలు, అంటే అర బస్తా, 40 లీటర్ల నీళ్ళు. నవంబరులో నూతి నీరు 25 డిగ్రీలుంది. లెక్క ప్రకారం 97 దాకా పోవాలి. తెరిచిన తొట్టి కాబట్టి పది లోపు నష్టం ఉంటుందనుకున్నాం. నిజంగా వచ్చింది 88 నుంచి 91.

తొట్టి కోసం 200 లీటర్ల ఇనప డ్రమ్మును నిలువునా రెండుగా కోయించి, దొర్లకుండా ఇటుకలు ఆనించాం. ఒక్కో సగంలో వంద లీటర్లు పడుతుంది. వాయి మొత్తం సగం లోపే ఉండటంతో పొంగినా ఒలకదు. వెడల్పు నోరు కాబట్టి ఆవిరి ఎగజిమ్మకుండా పరుచుకుని పోతుంది.

గడ్డల్ని నిమ్మకాయంత సైజుకు కొట్టాం. ఎప్పుడూ చేతిలోకి తీసుకుని బరువు చూడాలి. బాగా కాలిన గడ్డ పేలాల ఉండలా తేలిగ్గా ఉంటుంది. బరువుగా ఉన్నది పచ్చిదైనా కావాలి, మాడినదైనా కావాలి. రెండూ పక్కన పెట్టేయాల్సినవే.

ముందు 30 లీటర్ల నీళ్ళు. వాటిలో గడ్డలు మెల్లగా, జారవిడిచినట్టు వెయ్యాలి, విసరకూడదు. మొదటి నిమిషం ఏమీ జరగదు, చిన్న చిన్న బుడగలు వస్తాయంతే. రెండో నిమిషంలో గడ్డలు టపటపమని విచ్చుకోవడం వినిపిస్తుంది. నాలుగో నిమిషానికి తొట్టి కుతకుతలాడుతుంది. అప్పుడు పొడుగు కామ ఉన్న పారతో అడుగు నుంచి పైకి తిప్పాలి, మూలల్లో పొడి గడ్డ దాక్కోకుండా. ముద్ద చిక్కబడి 85 దాటాక మిగతా పది లీటర్లు చెంబులతో, అంచుల వెంబడి పోస్తూ రావాలి. ఒకే చోట గుమ్మరిస్తే ఆ చోట మునిగిపోతుంది. పొంగు మరీ ఎక్కువైతే పోయాల్సింది పక్క తొట్టిలోని వేడినీళ్ళు, నూతి నీళ్ళు కావు.

పావుగంటలో గోల తగ్గుతుంది. ఇంకో గంట గోనెపట్టా కప్పి వదలాలి, వేడి నిలిచి మిగతా గింజలు కూడా ఉడికేందుకు. తరువాత పాలలా పల్చన చేసి ముందు మూడు మిల్లీమీటర్ల జల్లెడ, కింద 850 మైక్రాన్ల స్టీలు జాలీ. ఒక్కో వాయికి జల్లెడ మీద అర కిలో నుంచి ముప్పావు కిలో మిగిలింది. దాన్ని రుద్ది కిందికి దించాలని కూలీలకు చెయ్యి దురద పుడుతుంది. దించనివ్వకూడదు.

పన్నెండు వాయిలు, రెండు రోజులు. ముద్దను మీటరు చదరం, 80 సెంటీమీటర్ల లోతున్న ఇటుక గుంటలో నింపి, పైన నాలుగు వేళ్ళ నీళ్ళు నిలబెట్టాం. నీరు ఆరిపోతే గాలిలోని బొగ్గుపులుసు వాయువు తగిలి పైన పెచ్చు కడుతుంది. 28 రోజులు ఆగాం. పాత మేస్త్రులు ఏడాది అంటారు. ఆగగలిగితే అంతకంటే మంచిది లేదు, కానీ ఇంట్లో మనుషులున్నారు. తీసేటప్పుడు లీటరు ముద్ద 1.4 కిలోలు తూగింది. కుక్కరులో పెట్టిన మూడు బిళ్ళలూ నున్నగా వచ్చాయి. బెల్లం, కరక్కాయ నీళ్ళు కలపాలా వద్దా అన్న చర్చ మేస్త్రికీ ఇంటి పెద్దాయనకూ రెండు రోజులు నడిచింది. కలిపారు. ఈ కేసులోని తప్పుకు దానితో సంబంధం లేదు.

కాలినప్పుడు

తడి సున్నం గాఢమైన క్షారం, పీహెచ్ 12 దాటి ఉంటుంది. వేడికి చర్మం కాలుతుంది, క్షారం లోపలికి తింటూ పోతుంది. వేడి తగ్గినా రెండోది ఆగదు. ఒంటి మీద పొడి సున్నం పడితే ముందు గుడ్డతో దులిపేసి, ఆ తరువాతే ధారగా నీళ్ళు. దులపకుండా కొద్దిగా తడిపితే ఆ పొడి ఒంటి మీదే ఉడుకుతుంది. ముద్ద పడితే వెంటనే నీళ్ళు, కనీసం ఇరవై నిమిషాలు. కంట్లో పడితే రెప్పలు పైకెత్తి పట్టుకుని అరగంట పాటు కడుగుతూనే ఉండాలి, ఆ పైన ఆలస్యం లేకుండా కంటి డాక్టరు. రెప్ప కింద గింజ ఉండిపోతే కడిగినా లాభం లేదు. నిమ్మరసం, పుల్లమజ్జిగ పోసి విరగ్గొడదామని చూడకూడదు. నూనె రాస్తే కడగడం కష్టమవుతుంది. మే నెలలో ఆ కూలీకి ముందు రాసింది కొబ్బరినూనే. నీళ్ళు పోసింది తరువాత. పుండు మానడానికి మూడు వారాలు పట్టింది.

తొట్టి దగ్గర నిలబడేవాళ్ళకు పక్కలు మూసుకునే కళ్ళద్దాలు, మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు, గమ్ బూట్లు. లుంగీ, చెప్పులతో దగ్గరికి రానివ్వకూడదు. పక్కనే వంద లీటర్ల మంచినీళ్ళు, అందులో మగ్గు. ఆ నీళ్ళు వేరే పనికి ముట్టుకోకూడదు. బస్తాలు చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా, గడ్డికీ గోనెలకూ దూరంగా. బస్తా లోపల వేడెక్కినట్టు అనిపిస్తే దాని మీద నీళ్ళు పోయకుండా బయటికి లాగి, మట్టినేల మీద పల్చగా పరిచెయ్యాలి.

పాత పూత సంగతి

గుంటలు పడ్డ గోడలన్నీ రాల్చేయమని ఇంటివాళ్ళు అడిగారు. అక్కర్లేదన్నాం. ఉడకాల్సిన గింజల్ని ఆ వానాకాలంలోనే ఉడికిపోనిస్తే మంచిది. జులై నుంచి సెప్టెంబరు దాకా వానలేని రోజుల్లో గోడ మీద రెండు పూటలా నీళ్ళు చిలకరించాం. పేలాల్సినవి పేలాయి. ముందు గదిలో గుంటలు ఆగస్టు మధ్యకు ఆగాయి. వసారాలో ఒక్క గోడ మాత్రం, 120 చదరపు అడుగులది, ఆగలేదు. అరచేతి మేర చోటులో నాలుగైదు గుంటలున్నాయి. దాన్ని ఇటుక దాకా రాల్పించాం. ఆ గోడకు వాడింది మొదటి డ్రమ్ములోని ముద్ద, మునిగినది.

మిగతా చోట్ల ఒక్కో గుంటనీ ఉలితో శుభ్రంగా తెరిచి, తెల్ల చుక్క పూర్తిగా తీసేసి, తడిపి, కొత్త ముద్దతో రెండు విడతలుగా నింపాం. చుక్క తీయకుండా పైన పూస్తే అదే చోట మళ్ళీ లేస్తుంది. కొత్త పూత ఒకటికి మూడు పాళ్ళ ఇసకతో, 12 మిల్లీమీటర్లు ఒకసారి, ఎనిమిది ఒకసారి. పైన తడి గోనెలు వారం రోజులు.

కొత్త పూత మరుసటి వానాకాలాన్ని ఒక్క గుంట లేకుండా దాటింది. నింపిన గుంటల్లో మూడు మళ్ళీ తెరుచుకున్నాయి, మూడింటిలోనూ ఉలి అందని పక్కన చుక్క మిగిలింది.

పాత నాలుగు బస్తాల్లోంచి ఏరిన మాడిన గడ్డలు 14 కిలోలు తేలాయి. వాటిని రెండు మిల్లీమీటర్ల లోపు దంచి, నవంబరులో ఒక వాయి ఉడికి చల్లారకముందే ఆ వేడి పాలలో వేసి, గోనెలు చుట్టి, మూత పెట్టి వదిలేశాం. మొద్దు సున్నానికి వేడినీళ్ళే మందు. ఫిబ్రవరిలో తీసి జల్లిస్తే మూడొంతులు మెత్తటి ముద్దయింది. మూడు బిళ్ళలు చేసి ఆవిరి పట్టాం. రెండు నున్నగా వచ్చాయి, మూడోదాని అంచున ఒక్క గుంట పడింది. ఆ ముద్ద గోడకెక్కలేదు. పెరటి మురుగు కాలువ వెంబడి చల్లించేశారు.